వీరగల్లు నుంచి ఫ్లెక్సీ దాకా

ప్రొద్దుటూరులో పెద్ద హీరో సినిమా వస్తోందంటే ముందురోజు రాత్రికే థియేటర్ గోడ కనిపించదు. మొన్న అలాంటి ఒక ఫ్లెక్సీ ముందు కాసేపు నిలబడి చూశాను. పైవరుసలో దేవుడు, ఆ పక్కన నాయకులు. మధ్యలో ఇరవై అడుగుల హీరో. అడుగున గుండ్రటి గీతల్లో ముప్ఫై నలభైమంది కుర్రాళ్ల మొహాలు, వాటి కింద పేర్లు. కొందరు నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఫోజిచ్చారు. కొందరిది ఆధార్ కార్డుకో, కాలేజీ అప్లికేషనుకో తీయించుకున్న ఫొటో. ఇంకో వందేళ్లకు మన మనవళ్ల పిల్లలు దీన్ని చూస్తే మన గురించి ఏమనుకుంటారు?

జవాబు కోసం కాస్త వెనక్కి వెళ్లాలి. మనకంటే ముందువాళ్లు ఎవరిని తలకెత్తుకున్నారో చెప్పే రాళ్లు ఈ నేల మీద ఇంకా ఉన్నాయి.

సీమ పల్లెల్లో చెట్ల కింద, గుడి పక్కన వీరగల్లులు కనిపిస్తాయి. చాలావాటిలో మూడు అంతస్తులు. కింద పోరాటం, మధ్యలో వీరుణ్ణి స్వర్గానికి తీసుకుపోతున్న అప్సరసలు, పైన శివుడి దగ్గర కూర్చున్న వీరుడు. ఊరి పశువులను దొంగలు తోలుకుపోతుంటే అడ్డం పడి చచ్చిపోయినవాళ్లకు, ఊరి కోసం కత్తి పట్టినవాళ్లకు ఇవి నిలబెట్టారు. ఫ్లెక్సీలోనూ అంతస్తులున్నాయి. కానీ రాతిలో కింద ఉన్నదీ పైన ఉన్నదీ ఒకే మనిషి. ఫ్లెక్సీలో కిందివాళ్లు ఎప్పటికీ కిందే ఉంటారు.

పేరు నిలబెట్టుకోవాలన్న ఆశ రాజులకూ ఉండేది. కడప జిల్లా కలమళ్లలో దొరికిన రేనాటి చోళుల (ఈ ప్రాంతాన్ని ఒకప్పుడు రేనాడు అనేవారు) శాసనం, తెలుగులో మనకు దొరికిన అన్నిటికన్నా పాతది, క్రీ.శ. 575 నాటిదంటారు. అందులో ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి పేరుంది. ఆయన మొహం ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు. ఆ శాసనాన్ని ఈరోజు మనం చూసేది ఆయన గొప్ప కోసం కాదు, అందులోని తెలుగు కోసం. చెక్కించినవాడు అనుకున్నది ఒకటి, చదివేవాళ్లు వెతుక్కునేది ఇంకొకటి.

అదే రేనాటిలో బ్రిటిష్‌వాళ్ల మీద తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. జనం భయపడాలని ఆయన తలను 1877 దాకా కోట గుమ్మానికి వేలాడదీశారు. ఆ ముప్ఫై ఏళ్లూ జనం భయపడే ఉంటారు. అయినా పాట కట్టి పాడుకున్నారు. డబ్బిచ్చి పాడించుకున్న పాట కాదది.

నటులంటే మోజు కూడా ఇక్కడ కొత్తేమీ కాదు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధ ఆడినవాళ్ల వారసులు ఇప్పటికీ ఆ ఊరిపేరుతోనే నాటకాలాడుతున్నారు. తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్లారి రాఘవ వృత్తికి ప్లీడరు, పేరు తెచ్చిపెట్టింది రంగస్థలం. కానీ నాటకంలో నటుడు నీ ఎదుటే చెమటలు కక్కుతాడు, పద్యం బాగుంటే వన్స్‌మోర్ అంటావు, తప్పు పాడితే మొహం మీదే తెలిసిపోతుంది. తెర వచ్చాక ఆ దూరం పెరిగింది. 1932లో తొలి తెలుగు టాకీ విడుదలైంది. మొహం పెద్దదైంది, మనిషి అందకుండా పోయాడు.

ఆ తెర వెనక మన జిల్లాలవాళ్లే చాలామంది ఉన్నారు. పులివెందుల ప్రాంతపు బి.ఎన్. రెడ్డి దక్షిణాది నుంచి మొదటగా దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్నారు. ఆయన తమ్ముడు నాగిరెడ్డి విజయా సంస్థను, చందమామను నడిపారు. తాడిపత్రి కె.వి. రెడ్డి 1957లో మాయాబజార్ తీశారు. వీళ్ల ఫొటోతో ఒక్క ఫ్లెక్సీ కూడా నేను చూడలేదు. ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

అభిమానం ఓటుగా మారడం కూడా ఇక్కడ బాగా తెలిసిన కథే. 1982 మార్చి 29న ఎన్టీఆర్ పార్టీ పెట్టారు, తొమ్మిది నెలలకే ముఖ్యమంత్రి అయ్యారు. 1985, 1989, 1994లో అనంతపురం జిల్లా హిందూపురం ఆయన్నే గెలిపించింది. 1989లో ఆయన పోటీ చేసిన రెండోచోటు కల్వకుర్తిలో ఓడినా హిందూపురం వదల్లేదు. ఆ తర్వాత హరికృష్ణ, 2014 నుంచి బాలకృష్ణ. అది వట్టి పిచ్చి అని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. మా మాట ఢిల్లీలో వినబడాలన్న కోరిక కూడా అందులో ఉంది. అభిమాన సంఘాలు రక్తదానాలు చేశాయి, ఆ రక్తంతో బతికినవాళ్లున్నారు.

కానీ తూకం ఎక్కడో తిరగబడింది. 2020 సెప్టెంబరులో చిత్తూరు జిల్లా శాంతిపురంలో హీరో పుట్టినరోజుకు బ్యానర్ కడుతూ కరెంటు తగిలి ముగ్గురు చనిపోయారు. 2024 డిసెంబరు 4న హైదరాబాద్ సంధ్య థియేటర్ తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. ఊరి కోసం చచ్చిపోయినవాడికి ఒకప్పుడు ఊరు రాయి నిలబెట్టింది. ఇప్పుడు బొమ్మ నిలబెడుతూ ఊరి పిల్లలు చచ్చిపోతున్నారు. రాబోయే తరాలు మనల్ని నిలదీసేది దీని గురించేనని నా నమ్మకం. సినిమాలు చూసినందుకు ఎవరూ తప్పుపట్టరు.

ఇంకో విషయం కూడా వాళ్లకు కనపడాలి. ఆ అడుగువరుస ఫొటోలు. వాన రాని ఏడు, డిగ్రీ అయ్యాక పనిలేని ఏళ్లు, బెంగళూరు బస్సెక్కాలా వద్దా అన్న టెన్షన్. అలాంటి పిల్లాడి మొహం సొంత ఊరి నడిబొడ్డున రంగుల్లో పడేది ఆ ఒక్క మూడురోజులే. ఐదొందలు చందా ఇచ్చింది హీరో కోసమే అంటాడు. ఫ్లెక్సీ కట్టగానే ముందు సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకునేది మాత్రం తన మొహం ఉన్న మూలనే.

మా ఊరి వేపచెట్టు కింద వీరగల్లుకు ఇప్పటికీ పసుపు కుంకుమ పెడతారు. ఎవరా వీరుడంటే పేరు చెప్పగలిగినవాళ్లు లేరు. దానికి పది గజాల దూరంలో, పోయినేడు వాన మొదలైనప్పుడు, ఒకాయన కళ్లంలో బుడ్డల (వేరుశనక్కాయల) కుప్ప మీద పాత ఫ్లెక్సీ కప్పుతుంటే నేనూ ఒక కొస పట్టుకున్నాను. హీరో బొమ్మ లోపలికి పోయేలా తిప్పి కప్పాడు. కింది అంచు మడతపడక బయటే ఉండిపోయింది. ఆ వరుసలో మూడో ఫొటో ఆయన కొడుకుది. దాని మీది బురదను తువ్వాలుతో తుడిచి, ఎగిరిపోకుండా రాయి పెట్టాడు.