చెవుల వెనక జుట్టు ఎందుకు రాలదు?

"నెత్తిన రక్తం సరిగా ఆడకే బట్టతల వస్తుందంటారు, నిజమేనా? మరి చెవుల మీద, మెడ వెనక జుట్టు ఎలా నిలుస్తుంది?" అని ఒక పాఠకుడు అడిగారు. ఈ ప్రశ్న నాకెంతో ఇష్టం, ఎందుకంటే దీని జవాబు రక్తంలోనూ లేదు, మాడు చర్మంలోనూ లేదు. వెంట్రుక కుదురులో ఉంది.

న్యూయార్క్ చర్మవైద్యుడు నార్మన్ ఓరెంట్రైచ్ 1959లో ప్రచురించిన ప్రయోగాలు చూడండి. తల వెనక నుంచి కుదుళ్లతో సహా చిన్న చర్మపు ముక్కలు తీసి బట్టతల మీద నాటాడు. అక్కడా వెంట్రుకలు మామూలుగానే పెరిగాయి. బట్టతల ముక్కలను జుట్టున్న చోట నాటితే అవి బోడిగానే ఉండిపోయాయి.

వరి పండించేవారికి ఇది చప్పున అర్థమవుతుంది. పైరు దెబ్బతింటే తప్పు పొలానిదా, వంగడానిదా? ఇటు నారు అటు, అటు నారు ఇటు నాటి చూస్తే తేలిపోతుంది. లోపం మాడు నేలలో ఉంటే వెనక నుంచి తెచ్చిన నారు కూడా ఎండాలి. ఎండలేదు. అంటే తల ఒకే మడిలా కనిపిస్తున్నా, అందులో రెండు వంగడాలు పక్కపక్కనే ఉన్నాయి. రెంటి మీదా కురిసే వాన ఒకటే. ఒకటి తట్టుకుంటుంది, రెండోది తట్టుకోదు.

ఆ వాన పేరు డైహైడ్రోటెస్టోస్టిరాన్, పొట్టిగా డీహెచ్‌టీ. మగ హార్మోను టెస్టోస్టిరాన్‌ను 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైము ఇలా మారుస్తుంది. కుదురు అడుగునుండే డెర్మల్ పాపిల్లా కణాల్లోని ఆండ్రోజెన్ గ్రాహకానికి, అంటే మగ హార్మోన్లను పట్టుకునే ప్రొటీనుకు, అది అతుక్కుంటుంది. నుదురు, నడినెత్తి కుదుళ్లలో ఈ ఎంజైమూ ఎక్కువే, గ్రాహకాలూ ఎక్కువే. అక్కడి పాపిల్లా కణాలు పెరుగుదలను ఆపే సంకేతాలు విడుస్తాయి. దాంతో ఏళ్లపాటు సాగాల్సిన ఎదుగుదల దశ, వెంట్రుక పెరిగి రాలే చక్రం చక్రానికీ కుదించుకుపోయి నెలలకు వస్తుంది. కుదురు చావదు, చిక్కిపోతుంది. బట్టతలను దగ్గరగా చూస్తే సన్నని నూగు కనిపించేది అందుకే.

ఇదే డీహెచ్‌టీ గడ్డాన్ని మాత్రం దట్టంగా పెంచుతుంది! బడిలో హార్మోన్లంటే గ్రంథి పేరు, దాని పని ఒక పట్టికలో రాయించి వదిలేస్తాం. పని తేల్చేది వినే కణమని చెప్పం. అసలు విషయం అదే కదా.

కుదుళ్లలో ఈ తేడా ఎక్కడిది? పక్షి పిండాల్లో తల ముందుభాగపు లోచర్మం నాడీ శిఖర కణాల (నాడీ వ్యవస్థ రూపుదిద్దుకునే చోటి అంచు నుంచి వలసపోయే కణాలు) నుంచి, వెనక భాగానిది మీసోడెర్మ్ అనే పిండపు నడిమి పొర నుంచి పుడుతుంది. మనిషిలోనూ ఇలాంటి విభజనే ఉండి, బట్టతల సరిహద్దు దాన్నే అనుసరిస్తుందని కొందరు శాస్త్రజ్ఞుల వాదన. నాకూ అదే సబబనిపిస్తుంది.

మేనమామ పోలికే వస్తుందన్న మాటలో సగం నిజముంది. గ్రాహకం జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంది, మగపిల్లాడికి అది తల్లి నుంచే వస్తుంది. కానీ మిగతా క్రోమోజోముల మీది జన్యువులకూ ఇందులో పాత్ర ఉంది, కాబట్టి తండ్రి వాటా తప్పదు. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందన్నది మాత్రం వట్టి భ్రమ. కత్తి చర్మం పైనే ఆగుతుంది, కుదురు దాకా పోదు.

జుట్టు నాటించుకునే కుర్రాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. వెనక నుంచి తెచ్చి నుదుటి దగ్గర నాటినవి నిలుస్తాయి, వాటి వెనకున్న సొంత జుట్టు రాలడం ఆగదు. పాతికేళ్లకే తొందరపడితే, నలభై నాటికి ముందు ఒక వరుస, దాని వెనక ఖాళీ మిగలొచ్చు. నాటడానికి తీయగల కుదుళ్లూ పరిమితమే.