పాత జైలు మ్యూజియం చూడబోయే ముందు: సంగారెడ్డి గోడల గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

పాత కట్టడాల మరమ్మతు, సంరక్షణ నా వృత్తి. వారం పొడుగునా సున్నపు గోడలతో గడిపి, సెలవు రోజుల్లో విద్యార్థులను వెంటబెట్టుకుని కట్టడాలు చూపిస్తుంటాను. మేము ఎక్కువగా వెళ్ళేది సంగారెడ్డి పాత జైలుకు. 1796 నాటి ఈ జైలులోని ఖైదీలను దగ్గరలోని కంది గ్రామం వద్ద కట్టిన కొత్త జైలుకు తరలించిన తరువాత, 2016లో తెలంగాణ జైళ్ళ శాఖ దీనిని మ్యూజియంగా మార్చి ప్రజలకు తెరిచింది. అక్కడ నేను పదే పదే వినే కొన్ని మాటలు విన్నప్పుడల్లా బాధ కలుగుతుంది. ఎందుకంటే అవి చూసేవారి కంటికి కట్టడాన్నే కనపడకుండా చేస్తాయి.

అపోహ: ఇది బ్రిటిషువారు కట్టిన జైలు.

వాస్తవం: పత్రికలు కూడా ఈ జైలును వలస పాలన నాటిదని రాయడం చూశాను. ఇది కట్టే నాటికి హైదరాబాద్ రాజ్యాన్ని ఏలుతున్నది నిజాం అలీఖాన్, అంటే రెండవ ఆసఫ్‌జా. ఈస్టిండియా కంపెనీతో ఆయన సైన్య సహకార ఒప్పందం కుదుర్చుకున్నది 1798లో, అంటే జైలు లేచిన రెండేళ్ళ తరువాత. సంగారెడ్డి ఎన్నడూ కంపెనీ జిల్లా కాలేదు. ఖైదు, ఖైదీ, ములాఖత్, జమానతు అని మనం నేటికీ వాడే మాటలు ఫార్సీ, ఉర్దూ పాలనా వ్యవహారం నుంచి వచ్చినవేనని గుర్తు చేసుకుంటే, జైలు అనే వ్యవస్థను తెల్లదొరలే మొదట తెచ్చారన్న ఊహ ఎంత బలహీనమైనదో తెలుస్తుంది.

ఈ పొరపాటుకు కారణం మన మనసులో ముద్రపడిన అండమాన్ సెల్యులార్ జైలు. దాని నిర్మాణం 1896లో మొదలై 1906లో పూర్తయింది. పునాది పడేనాటికే సంగారెడ్డి జైలుకు నూరేళ్ళు నిండాయి. రెండింటి ఆలోచన కూడా వేరు. అండమాన్‌లో మనిషికి ఒక గది కట్టారు. ఒక ఖైదీ ముఖం మరొకరికి కనిపించకూడదన్నదే ఆ కట్టడం ఉద్దేశం. సంగారెడ్డిలో ఉన్నవి బ్యారక్‌లు, అనగా పలువురు ఒకే కప్పు కింద పక్కపక్కన పడుకునే పొడవాటి గదులు. కనుక అక్కడికి వెళ్ళి ఒంటరి కొట్లు ఏవని వెతకడం కన్నా, ఒకే గదిలో ఇంతమంది రాత్రి ఎలా గడిపేవారు, గాలి ఎటు నుంచి వచ్చేది అని చూడడం మేలు.

అపోహ: గుడ్డు సొన, బెల్లం కలిపి కట్టిన గోడలు ఎన్నటికీ చెక్కుచెదరవు, ఎక్కడైనా పెచ్చులూడితే సిమెంటు పూస్తే సరిపోతుంది.

వాస్తవం: ఇది నా వృత్తికి నేరుగా సంబంధించిన మాట కనుక కొంచెం వివరంగా చెబుతాను. మన ప్రాంతంలో పాత గోడలకు ప్రాణం గానుగ సున్నం. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీటిలో నానబెట్టి, ఇసుకతో కలిపి ఎద్దుల గానుగలో మెత్తగా రుబ్బేవారు. బెల్లం నీళ్ళు, కరక్కాయ నానిన నీళ్ళు కలిపితే ముద్ద తాపీకి చక్కగా లొంగుతుంది, పూత నిదానంగా ఆరుతుంది. అయితే అసలు బలం ఆ కలుపుళ్ళది కాదు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని, ఏళ్ళ తరబడి నెమ్మదిగా మళ్ళీ రాయిగా మారుతుంది. గోడ బలం అక్కడి నుంచి వస్తుంది. అలాంటి గోడ వానాకాలంలో తేమను తీసుకుని, ఎండాకాలంలో వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ బయటికి పోయే దారి మూసుకుపోతుంది.

కొన్నేళ్ళ క్రితం మరో ఊరిలో ఒక పాత కట్టడానికి, నేను వద్దని చెప్పినా, సిమెంటు పూత వేయించారు. రెండు వానాకాలాలు గడిచాక వెళ్ళి వేలి కణుపుతో తట్టి చూస్తే గోడంతా డొల్ల మోత మోగింది. అరచేయంత పెచ్చు తీసి వెనక్కి తిప్పితే, సిమెంటుతో పాటు ఊడివచ్చిన పాత సున్నపు పొర మీద పంచదార పలుకుల్లాంటి తెల్లని ఉప్పు పేరుకుని ఉంది. ఆ వెనుక ఇటుకను బొటనవేలితో నొక్కితే పిండిలా రాలిపోయింది. వంద వానలను తట్టుకున్న ఇటుక అది. గట్టిదనం కోసమని వేసిన పూతే దానిని తినేసింది.

అందువల్ల పాత జైలు గోడ మీద అతుకులు, వెలిసిన పూత కనిపిస్తే అది నిర్లక్ష్యమని వెంటనే తీర్మానించకండి. చాలాచోట్ల సున్నపు పూత తాను చెడి లోపలి గోడను కాపాడుతుంది. దానిని మళ్ళీ మళ్ళీ వేసుకోవలసిందే. దయచేసి ఆ పూత మీద మేకుతోనో తాళంచెవితోనో పేర్లు చెక్కకండి. ప్రతి గీత నీళ్ళు లోపలికి దిగే దారి అవుతుంది.

అపోహ: పాత జైలు అన్నాక ఉరికంబం ఉంటుంది, పేరున్న ఖైదీ ఎవరో ఒకరు ఉంటారు.

వాస్తవం: పిల్లలు లోపలికి వస్తూనే అడిగే మొదటి ప్రశ్న ఉరికంబం గురించే. కానీ ప్రతి జైలులోనూ ఉరి తీసేవారు కాదు. మన ప్రాంతాల్లో ఉరిశిక్షల అమలు రాజమహేంద్రవరం, ముషీరాబాద్ వంటి పెద్ద జైళ్ళలో జరిగింది. నక్సలైట్ ఉద్యమంలో పాల్గొన్న భూమయ్య, కిష్టాగౌడ్‌లను 1975 డిసెంబరు 1న ఉరి తీసినది ముషీరాబాద్ జైలులో. ఆ జైలును కూల్చివేసిన స్థలంలోనే నేడు గాంధీ ఆసుపత్రి ఉంది. అంతటి చరిత్ర నడిచిన చోట చూడడానికి గోడలు మిగలకపోవడం నాకు నేటికీ మింగుడుపడని విషయం.

దాశరథి కృష్ణమాచార్య ఇక్కడే కదా ఉన్నారు, గోడ మీద పద్యాలు ఎక్కడ అని అడిగే పెద్దవారు కూడా ఉన్నారు. ఆయన వట్టికోట ఆళ్వారుస్వామితో కలిసి నిర్బంధంలో ఉండి, బొగ్గుతో గోడ మీద పద్యాలు రాసినది నిజామాబాద్ ఖిల్లా జైలులో. ఒక ఊరి చరిత్రను మరొక ఊరికి అతికిస్తే రెండు ఊళ్ళకూ అన్యాయమే జరుగుతుంది.

అపోహ: జైలులో ఉండేవారందరూ నేరం రుజువై శిక్ష పడినవారు.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టే అపోహ ఇది. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2022 చివరి నాటికి దేశంలోని జైళ్ళలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురి మీద నేరం ఇంకా రుజువు కాలేదు. జిల్లా జైళ్ళ మీద ఈ భారం మరీ ఎక్కువ; రిమాండుకు పంపిన వారిలో చాలామంది మొదట చేరేది వాటికే. జామీను మంజూరైనా పూచీకత్తు ఇచ్చేవారు దొరకక ఆగిపోయేవారు ఉంటారు. ఖాళీ బ్యారక్‌లో నిలబడినప్పుడు కరుడుగట్టిన దొంగలను మాత్రమే ఊహించుకునే విద్యార్థులకు, తేదీ కోసం ఎదురుచూస్తూ ఇలాంటి గచ్చు మీదే పడుకునే రైతుకూలీని కూడా ఊహించమని చెబుతాను. చాలామంది ఆ తరువాత కాసేపు మాట్లాడరు.

ప్రదర్శనలో సంకెళ్ళు కనిపిస్తే వాటిని కూడా ఇదే దృష్టితో చూడాలి. 1894 జైళ్ళ చట్టం ఖైదీలకు ఇనుప సంకెళ్ళు వేయడానికి వీలిచ్చింది. సునీల్ బాత్రా కేసులో 1978లోనూ, ప్రేమ్‌శంకర్ శుక్లా కేసులో 1980లోనూ సుప్రీంకోర్టు, తగిన కారణం లేకుండా అలవాటుగా సంకెళ్ళు, బేడీలు వేయడం రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పింది.

అపోహ: డబ్బు కట్టి ఒక రోజు ఉంటే జైలు జీవితం తెలిసిపోతుంది.

వాస్తవం: 2016లో మ్యూజియంతో పాటు జైళ్ళ శాఖ ‘ఫీల్ ద జైల్’ పేరుతో, అప్పట్లో 500 రూపాయల రుసుముతో, ఈ ఏర్పాటు చేసింది. 24 గంటల పాటు ఖైదీ దుస్తులు, పళ్ళెం, గ్లాసు, పడక ఇచ్చి, జైలు నియమావళి ప్రకారమే భోజనం పెట్టే పద్ధతి అది. దానిని నేను తప్పుపట్టను. కానీ రేపు ఉదయం ఇంటికి వెళతానని తెలిసి పడుకోవడం వేరు, ఎప్పుడు వెళతానో తెలియక పడుకోవడం వేరు.

చివరగా, అరగంటలో చూసేయవచ్చనుకుని మిట్టమధ్యాహ్నం వెళ్ళకండి. ఉదయం తొందరగా కానీ, సాయంత్రం మూసే ముందు కానీ వెళ్ళండి. గోడ మీద వాలుగా పడే ఎండలో తాపీ గీతలు, పాత మరమ్మతుల అంచులు, ఒక దాని మీద ఒకటి వేసిన సున్నపు పొరలు విడివిడిగా కనిపిస్తాయి. పన్నెండు గంటలకు అదే గోడ బోసిగా ఉంటుంది.