ఫిల్ము కడగడానికి చీకటి గది కన్నా థర్మామీటరు ముఖ్యం: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఇంట్లో ఫిల్ము కడుగుతానని తెలిసినవాళ్లు అటక మీద దొరికిన పాత కెమెరాలు పట్టుకుని నా దగ్గరకు వస్తూ ఉంటారు. నాన్నగారి యాషికా, పెదనాన్నగారి అగ్ఫా క్లిక్, ఎవరో విదేశం నుంచి తెచ్చిన పెంటాక్స్. ఆసక్తి నిండుగా ఉంటుంది. దాని వెంటే ఒక అనుమానం కూడా వస్తుంది: ఈ ఎండలో, ఈ ఉప్పుగాలిలో, ఈ ఉక్కపోతలో విశాఖపట్నంలో ఇది అయ్యే పనేనా? అవుతుంది. ఫిల్ము అంటే ఉష్ణోగ్రత, సమయం, తేమ, వెలుతురు. ఈ నాలుగింటినీ కొలిచేవారికి మన ఊరి వాతావరణం పెద్ద అడ్డేమీ కాదు. కొలవకుండా నమ్మకాల మీద నడిచేవారికి ఏ ఊరైనా కష్టమే.

అపోహ: ఫిల్ము తయారీ ఎప్పుడో ఆగిపోయింది, ఇప్పుడు దొరికేదంతా పాత సరుకే.

ఈ నమ్మకం ఎక్కడ పుట్టిందో ఊహించవచ్చు. కోడాక్ సంస్థ కోడాక్రోమ్ అనే స్లైడు ఫిల్మును, అంటే నెగటివ్ కాకుండా నేరుగా బొమ్మనిచ్చే రకాన్ని, 2009లో ఆపేసింది. దాన్ని కడిగిన చివరి ల్యాబ్ అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఉండేది, 2010 డిసెంబరు 30 తరువాత అది కూడా రీళ్లు తీసుకోవడం మానేసింది. 2012 జనవరిలో కోడాక్ దివాలా రక్షణ కోరింది. ఈ వార్తలు అందరికీ చేరాయి, తరువాతివి చేరలేదు. అదే కోడాక్ 2018లో ఎక్టాక్రోమ్ అనే మరో స్లైడు ఫిల్మును తిరిగి తెచ్చింది. ఇంగ్లండులో ఇల్‌ఫర్డ్, చెక్ రిపబ్లిక్‌లో ఫోమా ఇప్పటికీ తాజా ఫిల్ము తయారుచేస్తున్నాయి. పెంటాక్స్ 2024లో 17 అనే సరికొత్త ఫిల్ము కెమెరాను విడుదల చేసింది. అది హాఫ్ ఫ్రేమ్ కెమెరా, 36 ఫ్రేముల రీలులో 72 బొమ్మలు పడతాయి.

మనకు నిజంగా పోయింది ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్. ఇందు పేరుతో ఫిల్ము, ప్రింటు కాగితం తయారుచేసిన ప్రభుత్వ సంస్థ అది. అది మూతపడ్డాక మనం దిగుమతి మీదే ఆధారపడ్డాం, ధర భారం అక్కడి నుంచే వస్తోంది. నలుపు-తెలుపు వరకైతే ఆ భారం తగ్గించుకునే దారి ఉంది. 100 అడుగుల ఫిల్ము టిన్ను కొని ఖాళీ క్యాసెట్లలో చుట్టుకుంటే 36 ఫ్రేముల రీళ్లు 18 దాకా వస్తాయి. ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కుంటే బరువు తెలియదు.

అపోహ: ఫిల్ము కడగాలంటే ఎర్ర దీపం వెలిగే చీకటి గది కావాలి.

ఎర్ర దీపం ప్రింటు కోసం. నలుపు-తెలుపు ప్రింటు కాగితానికి నీలం, ఆకుపచ్చ కాంతులే తగులుతాయి, ఎరుపు తగలదు. అందుకే నెగటివ్‌ను పెద్దదిచేసి కాగితం మీద వేసే ఎన్‌లార్జర్ పక్కన ఎర్ర దీపం పెట్టుకుంటారు. ఇప్పుడు మనం కెమెరాలో వేసే ఫిల్ము దాదాపు అంతా పాన్‌క్రోమాటిక్, అంటే అన్ని రంగుల కాంతినీ పట్టుకునే రకం. ఎర్ర దీపం కింద తెరిస్తే రీలంతా నల్లబడుతుంది. పాతకాలపు స్టూడియోల్లో ఎర్ర వెలుతురులో నెగటివ్‌ను చూసుకుంటూ కడిగారంటే అది ఎరుపు తగలని ఆర్థోక్రోమాటిక్ ఫిల్ము కాబట్టి. ఇల్‌ఫర్డ్ ఆర్థో ప్లస్ లాంటి ఒకటి రెండు రకాలకు ఆ పద్ధతి నేటికీ చెల్లుతుంది.

మిగతా ఫిల్ముకు పూర్తి చీకటి కావాలి, అదీ కొద్ది నిమిషాలే. క్యాసెట్ విప్పి ఫిల్మును స్పైరల్ రీలుకు ఎక్కించి, వెలుతురు చొరబడని డెవలపింగ్ ట్యాంకులో పెట్టి మూత బిగించేంత వరకే. ఆ తరువాత పనంతా వంటింటి గట్టు మీద పట్టపగలు చేసుకోవచ్చు.

ఈ కొద్ది నిమిషాల కోసం చేతులు దూర్చే నల్ల సంచి, అదే చేంజింగ్ బ్యాగ్, కొనమని అందరూ చెబుతారు. మన ఊళ్లో నేను దాన్ని రెండో స్థానంలో పెడతాను. ఏప్రిల్, మే నెలల్లో ఆ సంచిలో చేతులు పెట్టిన కాసేపటికే చెమట పడుతుంది, తడి తగిలిన ఫిల్ము ప్లాస్టిక్ రీలులో సగం దూరం వెళ్లి ఆగిపోతుంది. బలవంతంగా తోస్తే మడతపడి చంద్రవంక ఆకారపు మచ్చలు మిగులుతాయి. దాని బదులు రాత్రిపూట, కిటికీ లేని స్నానాలగదిలో, తలుపు కింద తువ్వాలు దోపి ఎక్కించండి. ముందు ఐదు నిమిషాలు అందులో కూర్చుని చేతిలో తెల్లకాగితం పట్టుకోండి. కాగితం కనిపిస్తే గది ఇంకా చీకటి కాలేదన్నమాట. గది నేల, గోడలు పొడిగా ఉండాలి. ఖాళీ స్పైరల్ రీలును ముందురోజే కడిగి పూర్తిగా ఆరబెట్టాలి.

అపోహ: 20 డిగ్రీలు తప్పనిసరి, కాబట్టి మన వేసవిలో ఇంట్లో కడగడం కుదరదు.

ఎక్కువమందిని వెనక్కి లాగేది ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఫిల్ము మీద బొమ్మను బయటకు తెచ్చే మందు, అదే డెవలపర్, పెట్టె మీద 20 డిగ్రీల సెల్సియస్ అని రాసి ఉంటుంది. అది ఒక ప్రమాణం. ఆ వేడి దగ్గర ఎంతసేపు ఉంచాలో లెక్కగట్టి చెప్పారు. ద్రావణం వేడెక్కితే రసాయన చర్య వేగం పెరుగుతుంది, సమయం తగ్గించుకోవాలి. ఇల్‌ఫర్డ్ వారి పట్టికలోనే ఉంది: 20 డిగ్రీల దగ్గర 4 నిమిషాలు పట్టేది 23 డిగ్రీల దగ్గర 3 నిమిషాలు చాలు. అంటే నాలుగో వంతు తగ్గుతుంది.

ఇక్కడే ఒక చిక్కు. మొత్తం సమయం 5 నిమిషాలకన్నా తగ్గితే డెవలపర్ ఫిల్ము అంతటా సమంగా పనిచేయదు, ఆకాశం లాంటి ఖాళీ భాగాల్లో చారలు పడతాయి. దీనికి మందు ద్రావణాన్ని పలచన చేయడం. హెచ్‌పీ5 ప్లస్ అనే ఇల్‌ఫర్డ్ నలుపు-తెలుపు ఫిల్మును ఐడీ-11 అనే డెవలపర్ పలచన చేయని అసలు ద్రావణంలో 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు కడగాలి. సమానంగా నీళ్లు కలిపితే 13 నిమిషాలు పడుతుంది. ఆ 13 నిమిషాలు 23 డిగ్రీల దగ్గర సుమారు 9 నిమిషాల 45 సెకన్లవుతాయి. తొందరపడాల్సిన పని లేదు, చారల భయమూ లేదు. పలచన చేసిన ద్రావణాన్ని ఒక్కసారి వాడి వదిలేస్తాం కాబట్టి పాతబడిన డెవలపర్ బలం ఎంత మిగిలిందన్న ప్రశ్న కూడా రాదు.

23, 24 డిగ్రీలు ఎలా తేవాలి? పెద్ద ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి, ఫ్రీజరులో గడ్డకట్టించిన నీళ్ల సీసా వేయండి. అందులో డెవలపర్, దాని పనిని ఆపే స్టాప్ బాత్, ఫిల్ములో మిగిలిన వెండి లవణాలను కరిగించే హైపో, కడుగుడు నీళ్ల జగ్గులు అన్నీ కలిపి నిలబెట్టండి. అన్నీ ఒకే వేడికి రావడం ముఖ్యం. చాలామంది డెవలపర్‌ను మాత్రం ఐసు పెట్టి 20కి దింపి, చివర మేడ మీది ట్యాంకు నుంచి మధ్యాహ్నం కాగిన కుళాయి నీళ్లు వదులుతారు. అంత తేడాకు ఫిల్ము మీది జెలటిన్ పొర ఒక్కసారిగా ఉబ్బి మెత్తబడుతుంది, గోరు తగిలినా గీత పడుతుంది. పొర బిగిసి ముడతలు పడడమూ ఉంది. ఇప్పటి ఫిల్ములు గట్టివే, అయినా పరీక్షించి చూడాల్సిన అవసరం లేదు. అన్ని ద్రావణాల మధ్య తేడా రెండు మూడు డిగ్రీలు దాటకూడదు.

కడుగుడు నీళ్లు ధారగా వదలనవసరం కూడా లేదు. గట్టిపరిచే మందు కలపని హైపో వాడితే ట్యాంకు నింపి 5 సార్లు తిరగేసి పారబోయండి, మళ్లీ నింపి 10 సార్లు, మళ్లీ నింపి 20 సార్లు. మూడు ట్యాంకుల నీళ్లతో సరిపోతుంది, అవన్నీ టబ్బులో ముందే సిద్ధంగా ఉంటాయి. ఆఖరి ముంపు మాత్రం డిస్టిల్డ్ వాటర్‌లో చేయండి, ఆరాక తెల్లటి నీటి మచ్చలు ఉండవు.

రంగు ఫిల్ము సంగతి ఇంకా విచిత్రం. దాన్ని కడిగే సి-41 అనే పద్ధతికి కావలసింది 37.8 డిగ్రీలు, డెవలపర్‌లో 3 నిమిషాల 15 సెకన్లు. చలి దేశాల్లో ఇంటి నీళ్లను అంత దాకా వేడిచేసి నిలపడానికి అవస్థ పడతారు. మన వేసవిలో నీళ్లు 30 దగ్గరే ఉంటాయి. గది కూడా వెచ్చగా ఉండడంతో టబ్బు వేడి త్వరగా దిగదు. అయితే ఇక్కడ అర డిగ్రీ తేడా కూడా రంగుల్లో బయటపడుతుంది, ఎందుకంటే మూడు పొరలు ఒకేసారి సరితూగాలి. నమ్మకమైన థర్మామీటరు లేకుండా దీని జోలికి వెళ్లవద్దు.

అపోహ: బీచ్‌లో వెలుతురు ఎక్కువ కాబట్టి మీటరు చెప్పినదానికన్నా ఎక్స్‌పోజర్ (ఫిల్ము మీద పడే వెలుతురు) ఇంకా తగ్గించాలి.

సరిగ్గా తలకిందుల సలహా. కెమెరాలో వెలుతురును కొలిచే మీటరుకు ఇసుక, నీరు, మనిషి అన్న తేడా తెలియదు. ఎదురుగా ఏది ఉన్నా దాన్ని మధ్యస్థ బూడిదరంగుగా చూపడానికి లెక్క చెబుతుంది. మెరిసే సముద్రాన్ని చూస్తే తానే ఎక్స్‌పోజర్ తగ్గించేస్తుంది. మీరు ఇంకా తగ్గిస్తే ముఖాలు నల్లని ముద్దలవుతాయి.

మన తీరం తూర్పు ముఖం కావడం దీన్ని మరింత కఠినం చేస్తుంది. ఆర్కే బీచ్‌లోగానీ జాలరిపేట దగ్గరగానీ పొద్దున వల లాగేవారిని తీస్తే సూర్యుడు వాళ్ల వెనక ఉంటాడు. అప్పుడు సముద్రం మీద కాకుండా, అదే వెలుతురులో పట్టుకున్న మీ అరచేతి మీద మీటరు చూసి ఒక స్టాపు పెంచండి, అంటే వెలుతురును రెట్టింపు చేయండి. నెగటివ్ ఫిల్ము ఎక్కువ వెలుతురును ఒకటి రెండు స్టాపుల దాకా సునాయాసంగా ఓర్చుకుంటుంది. తక్కువ పడితే మాత్రం నీడల్లో వెండి ఏర్పడదు, లేనిదాన్ని ఏ డెవలపరూ తేలేదు. తరువాత స్కానులో పైకి లాగితే కనిపించేది గరుకుదనమే, దాన్ని ఫిల్ము అందం అనుకోవద్దు. స్లైడు ఫిల్ముకు ఈ సలహా వర్తించదు, అది ఎక్కువ వెలుతురును అసలు క్షమించదు.

మీటరు పాడైన కెమెరాలకు పాత సూత్రం చాలు: ఎర్రటి ఎండలో లెన్సు రంధ్రం ఎఫ్/16, షట్టరు వేగం ఫిల్ము వేగానికి, అంటే డబ్బా మీది ఐఎస్‌ఓ అంకెకు, దగ్గరగా. ఐఎస్‌ఓ 400 ఫిల్ముకు 1/500 సెకను. ఎండ నేరుగా పడే ఇసుక మీద ఎఫ్/22.

అపోహ: లెన్సులో బూజు అంటువ్యాధి, పక్క కెమెరాకు పాకుతుంది.

బూజు బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, ప్రతి లెన్సు మీదా ఉంటాయి. వాటికి కావలసింది తేమ, చీకటి, కదలని గాలి. విశాఖలో బీరువాలో తోలు సంచితో సహా దాచిన కెమెరా మూడింటినీ అందిస్తుంది. తోలు సంచి తీసేయండి. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్, చిన్న తేమకొలత మీటరు పెట్టి 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. నెలకొకసారి బయటకు తీసి నాలుగు ఫ్రేములైనా తీయండి. ఒకసారి బూజు గాజు పూతను తినేసిందంటే తుడిచినా ఆ గాటు పోదు.

గడువు తీరిన ఫిల్ముకు దశాబ్దానికి ఒక స్టాపు పెంచాలన్న మాట వింటుంటాం. అది ఉజ్జాయింపు మాత్రమే. ఫ్రిజ్‌లో ఉన్న రీలు, అదే వయసుండి అటక మీద మన ఎండలకు ఉడికిన రీలు ఒకటి కావు. మళ్లీ తీయలేని సందర్భాలకు పాత ఫిల్ము వాడకండి. ఫ్రిజ్ నుంచి తీసిన రీలును డబ్బీ తెరవకుండా కొన్ని గంటలు బయట ఉంచండి, లేకపోతే ఫిల్ము మీదే నీటి ఆవిరి పడుతుంది. విమానాశ్రయంలో ఎక్స్‌రే ఏమీ చేయదన్నది కూడా పాత మాటే. కొత్త సీటీ స్కానర్లు తక్కువ వేగం ఫిల్మును సైతం మసకబారుస్తాయి. చేతితో పరీక్షించమని మర్యాదగా అడగండి, చెక్-ఇన్ సామానులో మాత్రం ఎప్పుడూ వేయవద్దు.

అపోహ: ఫిల్ము ఫోటోలో దిద్దుబాటు ఉండదు, అది ఉన్నదున్నట్టు చెబుతుంది.

పాత స్టూడియోల్లో నెగటివ్ మీద సన్నని పెన్సిలుతో ముఖం మచ్చలు దిద్దేవారు. ప్రింటు వేసేటప్పుడు ఒక చోట కాంతిని చేత్తో ఆపడం, మరో చోట ఎక్కువ పోయడం ఈ విద్యలో మొదటి నుంచీ ఉన్నవే. ఒకే రంగు నెగటివ్‌ను రెండు ల్యాబ్‌లకు ఇచ్చి చూడండి, రెండు వేర్వేరు రంగులు వస్తాయి. నారింజ పొర ఉన్న నెగటివ్‌ను అసలు రంగుల్లోకి తిరగేయడంలోనే ఎవరో ఒకరి నిర్ణయం ఉంది. ఆ నిర్ణయం మీరే తీసుకోవాలని నా కోరిక, అందుకే స్కానింగ్ కూడా నేర్చుకోమంటాను.

అపోహ: వాడిన హైపోను బాగా నీళ్లు కలిపి పారబోస్తే ప్రమాదం లేదు.

ఇది నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మాట. హైపో చేసే పనే ఫిల్ములో మిగిలిన వెండి లవణాలను కరిగించుకోవడం. ఎన్ని నీళ్లు కలిపినా వెండి బరువు అంతే ఉంటుంది. మన ఊళ్లో కాలువలు గెడ్డల్లో కలుస్తాయి, గెడ్డలు సముద్రంలోకి పోతాయి. వెండి అయాన్లు నీటి జీవులకు విషం. పొద్దున ఏ చేపల బుట్టలను మురిపెంగా ఫోటో తీశామో ఆ సముద్రంలోకే సాయంత్రం దాన్ని వదలడానికి నా మనసు ఒప్పుకోదు.

వాడిన హైపోను ఒక సీసాలో పోగుచేయండి. సబ్బు లేని స్టీలు పీచు అందులో వేసి రెండు రోజులు ఉంచితే, ఇనుము కరిగి వెండి నల్లని మడ్డిగా దిగుతుంది. ఆ మడ్డిని కాలువలో వేయకుండా దాచి, వెండి తీసేవారికి ఇవ్వండి. హైపో బలం తెలుసుకోవడం కూడా సులువే. ఫిల్ము మొదటి కొస ముక్కను అందులో వేసి ఎంతసేపట్లో తేటపడిందో చూడండి. కొత్తదానికి పట్టిన సమయానికి రెట్టింపు అయితే దాని పని అయిపోయింది.

డెవలపర్ భయంకరమైన విషమని వణకనక్కర్లేదు, అలాగని చేతులు ముంచనూ వద్దు. డి-76 అనే డెవలపర్‌లో లీటరుకు మెటోల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. వీటిలో మెటోల్ కొందరి చర్మానికి పడదు, హైడ్రోక్వినోన్ కూడా చర్మానికి మంచిది కాదు. చేతులకు తొడుగులు వేసుకోండి, వంటపాత్రలు వాడకండి, కూల్‌డ్రింకు సీసాల్లో మాత్రం ఎన్నడూ దాచకండి. ఇంట్లో పిల్లలుంటే తాళం వేసే అర ఒకటి దీనికే కేటాయించండి.

అపోహ: స్కాన్లు ఫోనుకు వచ్చాక నెగటివ్‌తో పని లేదు.

ల్యాబ్ పంపే స్కాను నెగటివ్‌లో ఉన్న వివరమంతా కాదు. రేపు మంచి స్కానరు దొరికినా, ప్రింటు వేయాలనిపించినా మళ్లీ నెగటివ్ దగ్గరికే రావాలి. వేడి, తేమ కలిస్తే అసిటేట్ ఫిల్ము క్షీణించి వెనిగర్ వాసన వేస్తుంది, అలాంటివి కనిపిస్తే మిగతావాటి నుంచి వేరుచేయండి. పీవీసీ కవర్లు వద్దు, పాలీప్రొపిలీన్ కవర్లు తీసుకోండి. ల్యాబ్‌కు రీలు ఇచ్చేటప్పుడే నెగటివ్‌లు తిరిగి కావాలని, చుట్టకుండా ఆరు ఫ్రేముల చొప్పున ముక్కలుగా కోసి ఇమ్మని రసీదు మీద రాయించుకోండి. కవరు మీద తేదీ, చోటు, ఫిల్ము రకం, ఇంట్లో కడిగితే డెవలపర్, వేడి, సమయం కూడా రాసిపెట్టండి.