మాధ్యమం గొడవకు మూలం: 1912 నాటి పరీక్ష కాగితం

తెలుగు మాధ్యమమా, ఇంగ్లీషు మాధ్యమమా అన్న తగువు మళ్లీ రాజుకుంది. ఎప్పటిలాగే వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పేరు రెండు పక్షాల నోటా నలుగుతోంది. పర్లాకిమిడి బడి, విజయనగరంలో గురజాడ, 1906 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాల బడుల తనిఖీకి వచ్చిన యేట్స్ దొర: వాడుక భాషా ఉద్యమం మొదలైన ఈ కథ అందరికీ తెలిసిందే. పెద్దగా చెప్పుకోనిది 1912-13 నాటి స్కూల్ ఫైనల్ నిబంధన. నేటి గొడవ ముడి అక్కడే పడింది.

నిబంధన చిన్నదే. వ్యాసరచన, అనువాదం పాత కావ్యాల భాష అయిన గ్రాంథికంలో రాసినా వాడుక భాషలో రాసినా సరే అన్నారు. బడిలో వ్యాకరణం మాత్రం బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి ఒరవడే. పంతులు ‘వచ్చుచున్నాఁడు’ అని నేర్పుతాడు, పిల్లవాడు ‘వస్తున్నాడు’ అని రాస్తాడు. దిద్దేవాడు దేన్ని తప్పు అనాలి? అరసున్న లేకపోతే మార్కు పోతుందా? సంధి కలపకపోతే? ఒకే వ్యాసంలో రెండు శైలులూ కలిస్తే?

గ్రాంథికమే ఉండాలన్న జయంతి రామయ్య పంతులు పక్షం పట్టుకున్నదీ ఇలాంటి చోటే. ఏ జిల్లా వాడుకను ప్రమాణంగా తీసుకోవాలని వాళ్లు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. చదువుకున్నవాళ్లు మాట్లాడే శిష్ట వ్యావహారికమే ప్రమాణమన్నాడు గిడుగు. దానికి నియమాలున్నాయని పాత వచన రచనల నుంచి ఉదాహరణలు ఏరి మరీ చూపించాడు. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయ ఉపసంఘానికి అసమ్మతి పత్రం రాసిచ్చాడు. అయినా ప్రభుత్వం ఆ నిబంధన నుంచి వెనక్కి తగ్గింది. పాఠ్యపుస్తకాల్లో వాడుక భాష స్థిరపడడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. (ఆ స్థిరపడినదాంట్లోనూ శ్రీకాకుళం పిల్లల ‘బేగి’కి (త్వరగా అని అర్థం) చోటు దొరకలేదు. అది వేరే కథ.)

పండితుల పలుకుబడి వల్లే ఓడిపోయామని వాడుక భాషా పక్షం చెప్పుకుంటుంది. నిజమే, కానీ సగమే. రాయడానికి స్వేచ్ఛ ఇచ్చినవాళ్లు నేర్పే పద్ధతినీ, దిద్దే పద్ధతినీ దాంతోపాటు మార్చలేదు.

ఆ తర్వాత నూరేళ్లకు జరిగింది చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో ప్రాథమిక తరగతుల నుంచే ఇంగ్లీషు మాధ్యమం అంటూ జీవో 81 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉండే పుస్తకాలు మాత్రం నిలిచాయి. ఉపాయం మంచిదే. ఆమదాలవలసలోనో గజపతినగరంలోనో పంతులు ఎదురు పేజీ చూసి తెలుగులో చెబితే పాఠం తలకెక్కుతుంది. పరీక్షలో జవాబు ఇంగ్లీషులో రాయాల్సి వస్తే మాత్రం పిల్లలు దాన్ని కంఠతా పడతారు. ప్రశ్నను కొంచెం తిప్పి అడిగితే కలం ఆగిపోతుంది. 2022లో వెయ్యి ప్రభుత్వ బడులను సీబీఎస్ఈలో చేర్చారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ పిల్లలను రాష్ట్ర బోర్డు పరీక్షకే మళ్లించారు. అక్కడా పరీక్ష దగ్గరే బండి నిలిచింది.

కూలీనాలీ చేసుకునే తల్లిదండ్రులు ఇంగ్లీషే కావాలంటున్నారు. ప్రైవేటు బడికి పోయే పిల్లలకు ఉన్నది తమ పిల్లలకు ఎందుకొద్దన్నది వాళ్ల ప్రశ్న.

గిడుగు పేరు ఎత్తేవాళ్లు అతని రెండో పనిని తలవరు. కొండల్లో ఉండే సవర గిరిజనుల పిల్లల కోసం అతను సొంత డబ్బుతో బడులు పెట్టాడు, సవరలోనే వాచకాలు రాశాడు. ఉమ్మడి శ్రీకాకుళం జిల్లాలోని సీతంపేట, మందస కొండల్లో ఒకటో తరగతిలో చేరే సవర బిడ్డకు తెలుగు మాధ్యమం కూడా పరాయి మాధ్యమమే. 2000ల మధ్యలో రాష్ట్రం బహుభాషా విద్య పేరుతో తెలుగు లిపిలో సవర పుస్తకాలు వేసింది. చిన్న తరగతుల్లో సవరలో మొదలుపెట్టి క్రమంగా తెలుగులోకి తేవాలన్నది పథకం. ఇది నడవాలంటే బడిలో సవర వచ్చిన పంతులు కనీసం ఒక్కరుండాలి. ఆ ఒక్కరూ బదిలీ అయి భాష రాని మనిషి వస్తే పుస్తకం బీరువాలోకి పోతుంది. ఇద్దరే పంతుళ్లతో అయిదు తరగతులు నడిచే బడిలో రెండు భాషల్లో చెప్పే తీరిక ఎవరికుంటుంది? మాధ్యమం మీద ఈసారి ఏ ఉత్తర్వు వచ్చినా ముందు వెతకాల్సినవి రెండు: బదిలీల్లో భాష వచ్చిన పంతుళ్లకు మినహాయింపు ఉందా, పిల్లలు ఏ భాషలో రాసిన జవాబుకు మార్కులు వేస్తారు.