టర్ఫ్ అరిగిందా, నేల కుంగిందా? అపోహలు - వాస్తవాలు

విశాఖలో మధురవాడ నుంచి గాజువాక దాకా బాక్స్ క్రికెట్ టర్ఫ్‌లు, అంటే చుట్టూ నెట్ కట్టి కృత్రిమ గడ్డి కార్పెట్ పరిచిన ఆటస్థలాలు, వెలిసిన తరువాత, మాకు కొత్త పనులకన్నా మరమ్మతు పనులే ఎక్కువగా వస్తున్నాయి. పిలిచిన యజమానులు చాలామంది ఏం చేయాలో ముందే నిర్ణయించుకుని ఉంటారు. ఆ నిర్ణయాలలో తరచుగా వినిపించేవాటిని, పనిలో మేము చూసినదానితో పక్కపక్కన పెట్టి రాస్తున్నాను.

అపోహ: గుంట పడిన చోట కార్పెట్ ముక్క మారిస్తే సరిపోతుంది.

వాస్తవం: గుంట పడింది కార్పెట్‌కు కాదు, దాని కింది నేలకు. బంకమట్టి నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నెర్రెలిస్తుంది. మే నెల ఎండలకూ అక్టోబరు వాయుగుండాలకూ మధ్య ఇది ఏటా జరిగేదే కనుక, సరైన మెటల్ (కంకర రాయి) పొర లేకుండా పరిచిన టర్ఫ్ ఎంత ఖరీదైనదైనా ఎగుడుదిగుడవుతుంది.

పెందుర్తి వైపు ఒక టర్ఫ్‌లో బౌలర్ అడుగు పడే చోట నాలుగు వేళ్ల లోతు గుంట పడింది. మేము వెళ్లేసరికే అక్కడ మూడుసార్లు కొత్త ముక్క అతికించి ఉన్నారు. ఆ ముక్కను లేపి చూస్తే, కంకర మట్టిలోకి దిగిపోయి, దాని సందుల్లోంచి బంకమట్టి పైకి వచ్చి, నొక్కితే వేలిముద్ర నిలిచేటంత మెత్తగా ఉంది. వాన వెలిసి అప్పటికి తొమ్మిది రోజులు. కంకరకూ మట్టికీ మధ్య జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపేది) వేయకపోవడమే దీనికంతటికీ మూలం. మెత్తని మట్టిని గట్టి నేల తగిలేదాకా తీసి, ఆ గుడ్డ పరిచి, 40 ఎంఎం మెటల్, దానిపై 20 ఎంఎం, చివర పలుచగా క్రషర్ డస్ట్ (రాతి పొడి) వేసి, ఏ పొరకాపొరను ప్లేట్ కాంపాక్టర్‌తో దట్టించాము. అన్నీ పోసి చివరన ఒక్కసారి తొక్కిస్తే పైపొర మాత్రమే గట్టిపడుతుంది. ఇంకొక సంగతి చాలామంది మరచిపోతారు: బంకమట్టిలో తవ్విన గొయ్యి తొట్టిలాంటిది. అందులో చేరిన నీరు ఎటూ పోలేక కిందనే నిలుస్తుంది. అందుకని గొయ్యి అడుగు నుంచి పక్క కాలువ దాకా చిల్లుల పైపు ఒకటి వాలుగా వేయవలసిందే.

అపోహ: ఎర్ర గ్రావెల్ పోసి తొక్కిస్తే చౌకగా తేలిపోతుంది.

వాస్తవం: ఎండిన గ్రావెల్ రాయిలా ఉంటుంది, మోసమంతా అక్కడే ఉంది. గుప్పెడు గ్రావెల్‌ను గాజు గ్లాసులో నీళ్లు పోసి కలిపి, గంట తరువాత చూడండి. నీరు ఇంకా ఎర్రగానే ఉండి, అడుగున రాళ్లపైన నున్నటి మెత్తని పొర పేరుకుంటే, మీరు బంకమట్టిని తీసి మళ్లీ బంకమట్టినే పోస్తున్నట్లు.

అపోహ: సముద్రం పక్కనే ఉండగా సిలికా ఇసుక కొనడం దండగ.

వాస్తవం: పోచల మధ్య పోసే ఇసుక వాటిని నిటారుగా నిలబెట్టాలి, నీటిని కిందికి వదలాలి. అందుకు కడిగి జల్లించిన, గుండ్రని, ఒకే కొలత రేణువులు కావాలి. తీరపు ఇసుకలోని ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, గవ్వల ముక్కలు నలిగి పొడై నీటి దారులను మూస్తాయి. పైగా తీరం నుంచి ఇసుక తవ్వుకుపోవడం నిబంధనల ప్రకారం నిషిద్ధం.

అపోహ: పడుకున్న గడ్డి అరిగిపోయిన గడ్డే.

వాస్తవం: చాలాసార్లు కాదు. పోచలను వేళ్లతో విడదీసి చూడండి. కొసలు పీచులుగా చీలి, గోటితో గీస్తే పొడి రాలితే అది అరిగినట్లే. పోచ నునుపుగా ఉండి కేవలం వాలి ఉంటే, నైలాన్ బ్రష్‌తో ఎదురు దిశలో దువ్వి, తగ్గిన ఇసుకను పలుచని విడతలుగా నింపితే లేస్తుంది. ఇనుప బ్రష్ మాత్రం వద్దు.

అపోహ: రోజూ నీళ్లు చల్లితే టర్ఫ్ ఎక్కువ కాలం మన్నుతుంది.

వాస్తవం: మిట్టమధ్యాహ్నం టర్ఫ్ ఉపరితలం 60 డిగ్రీలు దాటగలదు, నీళ్లు చల్లితే కాసేపు చల్లబడుతుంది, అంతే. పోచను పెళుసుబార్చేది అతినీలలోహిత కిరణాలు కనుక వాటి ముందు నీళ్లు పనిచేయవు. పారుదల సరిగా లేని చోట ఆ నీరంతా కింది బంకమట్టికే చేరుతుంది.

అపోహ: అతుకు విడితే పైనుంచి గమ్ పోయవచ్చు.

వాస్తవం: పైన పోసిన గమ్ పోచలను గడ్డ కట్టిస్తుంది తప్ప అంచులను పట్టదు. రెండంచులనూ మడిచి, పాత గమ్ గీకి, కింద జాయింట్ టేప్ పరిచి, దానిపై రెండు భాగాలు కలిపే పాలీయురెథేన్ గమ్ పూయాలి. మన తీరంలో తెల్లవారుజామున మంచు తడి ఉంటుంది, ఆ తడి తగిలితే ఈ గమ్ నురగ కడుతుంది. నడి ఎండలోనైతే పూసేలోపే బిగుసుకుంటుంది. మేము తడి ఆరిన తరువాత మొదలుపెట్టి పదకొండు గంటలకల్లా ముగిస్తాము.

అపోహ: కొత్త ముక్క రంగు ఎప్పటికీ కలవదు.

వాస్తవం: వెలసిన టర్ఫ్ మధ్య కొత్త ముక్క నిజంగానే ఎద్దేవా చేస్తున్నట్లు మెరుస్తుంది. అందుకని నెట్ వెనుక మూల నుంచి పాత ముక్క కోసి ఆటస్థలంలో వేసి, కొత్తదాన్ని ఆ మూలలో పెడతాము. కోసే ముందు పోచ వాలే దిశను ముక్క వెనుక బాణంతో గుర్తు పెట్టుకుంటాము, ఎందుకంటే దిశ తిప్పి అతికిస్తే అదే పాత ముక్క కూడా ఫ్లడ్ లైట్ల కింద వేరే రంగులో కనిపిస్తుంది.