ఈ. కోలై వేసే జారుముడి

మా వీధి కుర్రాడొకడు వాళ్ళమ్మ యూరిన్ కల్చర్ రిపోర్టు, అంటే ఒంటేలులో ఏ బ్యాక్టీరియా పెరుగుతోందో చూసే పరీక్షది, ఫోటో తీసి పంపించాడు. "ఏటి మాస్టారూ ఇది, ఈ. కోలై అని రాసారు, మా బోరు నీళ్ళు పాడైపోనాయా?" అని. బోరు తప్పేం లేదురా, ఈ. కోలై అంటే ఒక బ్యాక్టీరియా, అది చాలావరకు మీ అమ్మ పేగుల్లోంచి వచ్చిందే, నీ పేగుల్లోనూ ఉంది, నా పేగుల్లోనూ ఉంది, అక్కడున్నంతసేపు గొడవ లేదు, పక్క దారి పట్టి మూత్రాశయంలోకి ఎక్కితేనే తంటా అన్నాను. వాళ్ళ నాయనమ్మైతే వేడి చేసిందని తేల్చేసి సబ్జా గింజలు నానబెట్టేసిందట!

ఊరుకున్నాడా, ఇంకోటి అడిగాడు. "మరి అందరికీ ఇదే ఎందుకొస్తాది? మా అత్తకీ ఇదే రాసారు."

అడగాల్సిన ప్రశ్న ఇదీ. ఇంటి దగ్గర ఉండగా వచ్చే మూత్రం ఇన్ఫెక్షన్లలో నూటికి 75 దాకా ఈ. కోలైవే. పేగుల్లో వందల రకాల బ్యాక్టీరియా ఉంటే, అందులో దీని వాటా చాలా తక్కువైతే, మరి ఇదొక్కటే ఎలా గెలుస్తోంది? మన పాఠాల్లో గుండ్రంగా ఉంటే కోకస్, కర్రలా ఉంటే బాసిల్లస్ అని బొమ్మ వేయించి వదిలేస్తాం, నేనూ ఏళ్ళ తరబడి అదే చేశాను, అసలు తమాషా ఆ కర్ర ఒంటి మీదున్న వెంట్రుకల్లో ఉంది.

నూతిలో చేద వేసేవాళ్ళకి జారుముడి తెలుసు. తాడు వదులుగా ఉంటే ముడీ వదులే, బరువు పడి లాగేకొద్దీ బిగుసుకుంటుంది. ఈ. కోలై చేసేది అచ్చం ఇదే. దాని ఒంటి నిండా వందల కొద్దీ సన్నటి వెంట్రుకలు, వాటిని ఫింబ్రియా అంటారు, ఒక్కోదాని కొసన ఫిమ్‌హెచ్ అనే ప్రోటీన్, అది మూత్రాశయం గోడ కణాల మీదుండే మానోస్ అనే చక్కెరని పట్టుకుంటుంది. ఒంటేలు కదలకుండా ఉన్నప్పుడు పట్టు వదులు, బ్యాక్టీరియా గోడ మీద అటూ ఇటూ జరుగుతూ తిరుగుతుంది. ప్రవాహం వచ్చి లాగిందా, ఫిమ్‌హెచ్‌లోని రెండు భాగాలు ఒకదాన్నుంచి ఒకటి దూరం జరుగుతాయి, దాంతో చక్కెరని పట్టుకున్న గుంట మూసుకుని బిగుసుకుపోతుంది. దీన్ని క్యాచ్ బాండ్ అంటారు. 2002లో అమెరికాలో గినీ పిగ్ ఎర్రకణాలతో చూపించారు, బ్యాక్టీరియాతో కలిపి ఊపుతుంటే కణాలు గుంపు కట్టాయి, ఊపడం ఆపేస్తే విడిపోయాయి. ఊపితే విడిపోవాలి కదా అని ఎవరైనా అనుకుంటారు! ఇంకా ఉంది, వెంట్రుక కూడా మామూలు కర్ర కాదు, చుట్టలు చుట్టిన తాడు, గట్టిగా లాగితే చుట్టలు విడి చాలా పొడవు సాగుతుంది, కుదుపంతా అదే మింగేస్తుంది, ముడి మీద పడనివ్వదు. చేద జర్రున జారినా తెగని చేంతాడన్నమాట. అందుకే ఒంటేలు జోరుకి మిగతావి చాలావరకు కొట్టుకుపోయినా ఇది ఉండిపోతుంది.

ఇప్పుడు ఆసుపత్రికి రండి. అక్కడి కల్చర్ల లిస్టు వేరేగా ఉంటుంది. ఏ శాంపిల్ అన్నది ముందు అడగాలి, ఐసీయూలో వెంటిలేటర్ మీదున్నవాళ్ళ కఫంలో అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ అనే వేరే బ్యాక్టీరియాలు ముందుంటాయి, అది వేరే కథ. ఒంటేలు సంగతే చూసినా, ఒంటేలు పోవడానికి గొట్టం (క్యాథెటర్) పెట్టిన పేషెంట్లలో ఈ. కోలై వాటా బాగా పడిపోతుంది, క్లెబ్సియెల్లా, ఎంటరోకాకస్, సూడోమోనాస్ వాటా పెరుగుతుంది. దానికి ఒక కారణం, గొట్టం పెట్టాక మూత్రాశయం నిండి ఒక్కసారి ఖాళీ అయ్యే ప్రవాహమే లేదు, బొట్టు బొట్టుగా పోతుంది, అడుగున కొంచెం నిలిచే ఉంటుంది. లాగేవాడే లేనప్పుడు జారుముడి వచ్చినా ఒకటే రాకపోయినా ఒకటే. పైగా గొట్టమే ఒక గోడ, దాని మీద జిగురు పొరలా బయోఫిల్మ్ కట్టుకుంటే చాలు. గొట్టం ఉన్న ప్రతి రోజుకీ ఒంటేలులో బ్యాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం అని లెక్క. ప్రోటియస్ అని ఒకటుంది, అది యూరియాని విరగ్గొట్టి అమ్మోనియా చేస్తుంది, దాంతో లవణాలు గడ్డకట్టి గొట్టమే పూడుకుపోతుంది.

ఇదంతా పెరట్లో బట్టలారేసే తాడుతో ముడి వేసి మరీ చూపించాను. కుర్రాడు కాసేపు లాగి చూసి, "అయితే మాస్టారూ, నీళ్ళు ఎక్కువ తాగమన్నారు కదా డాక్టరు, తాగితే ఇంకా బిగిసిపోదా?" అన్నాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇంత మంచి ప్రశ్న ఏ పిల్లాడూ వెయ్యలేదు. మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వచ్చే 140 మంది ఆడవాళ్ళలో సగం మందికి రోజూ ఒకటిన్నర లీటర్లు అదనంగా తాగించి ఏడాది చూశారు, 2018లో ఫలితం వచ్చింది, తాగినవాళ్ళకి సగటున 1.7 సార్లు వస్తే తాగనివాళ్ళకి 3.2 సార్లు. ముడి పడినవి పోకపోవచ్చు, ఇంకా ముడి వేసుకోనివి పోతాయి కదా. మంచి తిండి దొరికితే ఈ. కోలై 20 నిమిషాలకి రెండవుతుంది, ఒంటేలులో ఇంత జోరు ఉండదులే, అయినా ఆ లెక్కే వేస్తే పలాసలో బస్సెక్కి విజయనగరం దాకా మూడు గంటలు ఆపుకుని కూర్చుంటే ఒకటి 512 అవుతుంది. "మా అమ్మ బస్టాండులో ఒంటేలుకి వెళ్ళాల్సొస్తాదని పొద్దున్నుంచీ నీళ్ళే ముట్టదండీ" అన్నాడు వాడు.