ఇంటర్‌ఫేస్‌లో బాడీ ఉండకూడదన్న రూల్ ఎందుకొచ్చింది, ఎందుకు పోయింది

అబ్‌స్ట్రాక్ట్ క్లాస్‌కీ (నేరుగా ఆబ్జెక్ట్ చెయ్యలేని, వేరే క్లాస్‌లు పూర్తిచెయ్యాల్సిన క్లాస్) ఇంటర్‌ఫేస్‌కీ (ఏయే మెథడ్స్ ఉండాలో చెప్పేది) తేడా ఏంటి అని ఎవర్ని అడిగినా టక్కున ఒకటే చెప్తారు, ఇంటర్‌ఫేస్‌లో మెథడ్‌కి బాడీ, అంటే లోపలి కోడ్, ఉండదు అని. జావాలో 2014 నుంచే ఇది తప్పు, అయినా ఇప్పటికీ ఇంటర్వ్యూల కోసం ఇదే బట్టీ పడుతున్నారు. అసలు ఈ రెండూ ఎలా విడిపోయాయో తెలిస్తే బట్టీ పట్టే పనే ఉండదు.

క్లాస్, ఇన్‌హెరిటెన్స్, వర్చువల్ ప్రొసీజర్ (పిల్ల క్లాస్ మార్చి రాసుకోగలిగేది) అన్నవి నార్వేలో డాల్, నైగార్డ్ చేసిన సిములా 67 అనే లాంగ్వేజ్ నుంచి వచ్చినవే. దాని ప్రభావంతోనే 1979లో బెల్ ల్యాబ్స్‌లో స్ట్రౌస్ట్రప్ మొదలెట్టిన పని తర్వాత సి ప్లస్ ప్లస్ అయింది, అందులో 1989 నాటి 2.0 రిలీజ్‌లో అబ్‌స్ట్రాక్ట్ క్లాస్, మల్టిపుల్ ఇన్‌హెరిటెన్స్ రెండూ కలిసే వచ్చాయి. ఇంటర్‌ఫేస్ అని వేరే కీవర్డ్ అక్కర్లేదు, అన్నీ ప్యూర్ వర్చువల్ ఫంక్షన్లే (బాడీ పిల్ల క్లాస్‌కే వదిలేసినవి) ఉన్న క్లాస్ రాస్తే అదే ఇంటర్‌ఫేస్.

చిక్కల్లా డైమండ్ దగ్గర. ఎ అనే క్లాస్‌లో ఒక ఫీల్డ్ (డేటా దాచుకునే వేరియబుల్) ఉంది, దాన్నుంచి బి, సి వచ్చాయి, ఆ రెండింటి నుంచీ డి వచ్చింది, ఇప్పుడు డి ఆబ్జెక్ట్‌లో ఆ ఫీల్డ్ ఒకటుండాలా రెండుండాలా? వర్చువల్ బేస్ క్లాస్‌తో ఒకటే ఉండేలా చెయ్యొచ్చు గానీ ఎ కన్‌స్ట్రక్టర్‌ని (ఆబ్జెక్ట్‌ని తయారుచేసే కోడ్‌ని) ఎవరు పిలవాలి అన్నది మళ్లీ ఇంకో తలనొప్పి. జావా వాళ్లు ఈ గొడవే వద్దనుకున్నారు. ఆబ్జెక్టివ్ సి అనే లాంగ్వేజ్‌లోని ప్రోటోకాల్స్ (బాడీల్లేని మెథడ్స్ జాబితాలు) ఆలోచన తీసుకుని, 1996లో వచ్చిన 1.0లోనే ఒక క్లాస్‌ని మాత్రమే ఎక్స్‌టెండ్ చెయ్యండి, ఇంటర్‌ఫేస్‌లు ఎన్నైనా ఇంప్లిమెంట్ చేసుకోండి, వాటిలో బాడీలు మాత్రం వద్దు అన్నారు. నా ఉద్దేశంలో అసలు ప్రమాదం డేటా రెండుసార్లు రావడమే, ఒకే మెథడ్‌కి రెండు వైపుల నుంచీ బాడీలు వచ్చే గొడవ కంపైలరే పట్టుకుని ఎర్రర్ ఇవ్వగలదు, కానీ జాగ్రత్త కోసం రెండూ ఆపేశారు.

దాని ఖర్చు తర్వాత తెలిసింది. ఒకసారి బయటికి ఇచ్చిన ఇంటర్‌ఫేస్‌లో కొత్త మెథడ్ పెడితే దాన్ని ఇంప్లిమెంట్ చేసిన ప్రతివాడి కోడ్ మళ్లీ కంపైల్ చేస్తే ఆగిపోతుంది. జావా 6లో జేడీబీసీ (డేటాబేస్‌తో మాట్లాడే జావా లైబ్రరీ) కనెక్షన్ ఇంటర్‌ఫేస్‌కి ఈజ్‌వ్యాలిడ్ అనే మెథడ్ చేర్చారు, దాన్ని ఇంప్లిమెంట్ చేసే పాత డ్రైవర్ జార్ ఫైల్ పెట్టుకున్నవాళ్లకి అంతా బాగానే నడిచేది, ఎక్కడో కనెక్షన్ పూల్ (కనెక్షన్లని దాచి మళ్లీ వాడే కోడ్) ఆ మెథడ్‌ని పిలవగానే అబ్‌స్ట్రాక్ట్‌మెథడ్‌ఎర్రర్, అంటే దానికి బాడీ లేదన్న ఎర్రర్. ఈ బాధ కొంత తగ్గుతుందనే చాలామంది ఇంటర్‌ఫేస్ పక్కన కొన్ని బాడీలు ముందే రాసిన ఒక అబ్‌స్ట్రాక్ట్ క్లాస్ కూడా ఇచ్చేవాళ్లు, 1.2లో లిస్ట్‌తో పాటు వచ్చిన అబ్‌స్ట్రాక్ట్‌లిస్ట్ అలాంటిదే.

2014 మార్చిలో జావా 8తో లాంబ్డాలు (పేరు లేకుండా రాసే చిన్న ఫంక్షన్లు) వచ్చాయి, కలెక్షన్ ఇంటర్‌ఫేస్‌కి స్ట్రీమ్ అనే మెథడ్ పెట్టకపోతే వాటితో పెద్ద లాభం లేదు, పెడితే లోకంలో సొంత కలెక్షన్ రాసుకున్న వాళ్లందరి కోడూ విరిగిపోతుంది. అందుకే డిఫాల్ట్ మెథడ్స్, అంటే ఇంటర్‌ఫేస్‌లోనే బాడీ ఉన్న మెథడ్స్, తెచ్చారు. ఒకదానికొకటి సంబంధం లేని రెండు ఇంటర్‌ఫేస్‌ల నుంచి ఒకే మెథడ్‌కి వేర్వేరు డిఫాల్ట్‌లు వస్తే కంపైలర్ ఒప్పుకోదు, నువ్వే ఓవర్‌రైడ్ చేసి తేల్చుకోవాలి, సూపర్‌క్లాస్‌లో మెథడ్ ఉంటే మాత్రం ఎప్పుడూ దానిదే గెలుపు. సీ షార్ప్ కూడా 2019లో 8.0తో ఇదే దారికొచ్చింది.

కన్‌స్ట్రక్టర్, ఆబ్జెక్ట్‌కి సొంతమైన ఫీల్డ్స్ మాత్రం ఈరోజుకీ జావా ఇంటర్‌ఫేస్‌లో లేవు, అక్కడ రాసే ప్రతి వేరియబులూ స్టాటిక్ ఫైనలే. ఈ తేడా కళ్లారా చూడాలంటే జావా 8 లిస్ట్‌లోని సార్ట్ తెరవండి: చేతిలో డేటా లేదు కాబట్టి ఎలిమెంట్స్‌ని ఒక అర్రేలోకి కాపీ చేసి, సార్ట్ చేసి, ఇటరేటర్‌తో ఒక్కొక్కటీ తిరిగి రాస్తుంది. అర్రేలిస్ట్‌కి లోపల సొంత అర్రే ఉంది, అందుకే అది ఆ డిఫాల్ట్‌ని ఓవర్‌రైడ్ చేసి నేరుగా దాన్నే సార్ట్ చేసేస్తుంది.